పశ్చిమ ప్రకాశంలో జింకల వేట: తుపాకులు, తూటాలు, చట్టం

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల నల్లమల అడవుల్లోనూ, అడవి అంచు మెట్ట చేలలోనూ దుప్పి, కణితి, కృష్ణజింక వంటి జంతువులను వేటాడేందుకు వేర్వేరు కాలాల్లో వాడిన ఆయుధాలు, తూటాలు, వాటిని అదుపు చేసిన చట్టాలు ఈ వ్యాసంలోని విషయం. ఏ జంతువుకు ఏ తూటా తగినదన్నది ఒకప్పుడు లైసెన్సు తుపాకి పట్టినవాడు తేల్చుకోవలసిన ప్రశ్న. ఇప్పుడు ఈ అడవుల్లో దానికి చట్టం చెప్పే జవాబు ఒక్కటే: ఏదీ తగదు. అయినా ఆ ప్రశ్న వెనక ఉన్న శాస్త్రం తెలుసుకోవలసిందే. తూటా తగిన చోట పడకపోతే జంతువు ఎంత యాతన పడుతుందో, నాటు తుపాకి ఎందుకంత క్రూరమైనదో, దుప్పి కళేబరంలో దొరికిన సీసపు ముక్క అటవీ అధికారికి ఏం చెబుతుందో అర్థం కావాలంటే తూటా పనితీరు తెలియాలి.

అడవి, జంతువులు

మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 ఫిబ్రవరి 2 వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆనాడు ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో అవి కలిశాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టారు. కాబట్టి ఇక్కడి పాత వేట సంగతులు వెతికేవారు కర్నూలు జిల్లా కాగితాలు తిరగేయాలి. కృష్ణానదికి ఉత్తరాన ఉన్న నల్లమల నిజాం రాజ్యంలో ఉండేది, దక్షిణాన ఉన్నది మద్రాసు ప్రెసిడెన్సీలో. నది ఆ ఒడ్డున ఒక చట్టం, ఈ ఒడ్డున మరొకటి.

ఇది ఆకురాల్చే అడవి. టేకు, నల్లమద్ది, వెదురు, ముళ్ల పొదలు. వానలు పడ్డాక బోద పెరిగి చూపు పట్టుమని ఇరవై ముప్పై గజాలు కూడా సాగదు. మార్చి దాటి ఆకు రాలాక అదే చోట నూరు గజాల అవతల కదిలేదీ కనిపిస్తుంది. జంతువులూ అప్పుడు చెలమల చుట్టూ చేరతాయి. కొండ దిగితే కంది, మిరప, పత్తి, పొగాకు చేలు, వాటి మధ్య బయళ్లు. అక్కడ దూరాలు వేరు. అడవిలో పనికొచ్చిన తుపాకి ఈ బయలులో చాలకపోవడానికి కారణం ఇదే.

జంతువుల్లో ముందు చెప్పుకోవలసింది దుప్పి. ఒంటి మీద తెల్ల చుక్కలుండే ఈ జింకలో మగది 70 నుంచి 90 కిలోలు తూగుతుంది, ఆడది అంతకంటే బాగా తక్కువ. కణితి మన జింకలన్నిటిలోకీ పెద్దది. బాగా ఎదిగిన మగ కణితి 200 కిలోలు దాటుతుంది, కొన్ని 300 దాకా వెళ్తాయి. మందమైన తోలు, బలమైన భుజం ఎముక దాని ప్రత్యేకత. మూషిక జింక మూడు నాలుగు కిలోల ప్రాణి. వీటికి తోడు కొండగొర్రె అని పిలిచే నాలుగు కొమ్ముల జింక, మనుబోతు, బయళ్లలో కృష్ణజింక ఉన్నాయి. శాస్త్రం లెక్కలో ఈ చివరి మూడూ జింకలు కావు. దుప్పికి, కణితికి కొమ్ములు రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ము బతికినంతకాలం ఉంటుంది. కానీ కంది చేలో పడ్డ మందను చూసి రైతు ‘జింకలు’ అనే అంటాడు, పాత వేట రాతల్లోనూ అన్నీ ఒకే గాటన ఉంటాయి కాబట్టి ఇక్కడా కలిపే చెప్పుకుందాం. మూడు కిలోల మూషిక జింక నుంచి 300 కిలోల కణితి దాకా ఇంత తేడా ఉన్నచోట అన్నిటికీ సరిపోయే తూటా ఒకటంటూ ఉండదు.

విల్లు, నాటు తుపాకి

తుపాకి రాకముందు ఈ అడవిలో వేట చెంచులది. వెదురు విల్లు, ఇనుప ములికి అమర్చిన బాణం వాళ్ల ఆయుధాలు. బాణం చంపే తీరు వేరు. దానిలో తూటాకున్న దెబ్బ ఉండదు. ములికి అంచు కోసిన చోట నెత్తురు కారి జంతువు కూలుతుంది. అందుకే విల్లుకాడు బాగా దగ్గరికి పోవాలి, ఆపైన నెత్తుటి జాడ పట్టి ఓపిగ్గా వెంబడించాలి. 1943లో అచ్చయిన మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ గ్రంథం నది అవతలి చెంచుల జీవితాన్ని వివరంగా నమోదు చేసింది. దుంపలు, పండ్లు, తేనె, ఇప్పపువ్వు మీద ఆధారపడిన జీవితం అది. నల్లమలలో జింకలు తగ్గిపోవడానికి చెంచుల విల్లే కారణమన్న మాట ఎక్కడ విన్నా నమ్మనక్కరలేదు. ఆ విల్లు ఉన్న శతాబ్దాలన్నిటా అడవి నిండుగానే ఉంది.

నాటు తుపాకి కథ వేరు. గొట్టంలో ముందు నుంచి నల్లమందు పోసి, పీచు కూరి, సీసపు గుండ్లో ఇనుప ముక్కలో వేసి దట్టించి, కేపు పెట్టి పేల్చే తుపాకి అది. గొట్టం లోపల నున్నగా ఉంటుంది, మెలికల గాడులుండవు. గుండు తిరగకుండా బయటికొస్తుంది కాబట్టి గురి నిలవదు. మందు కొలత ప్రతిసారీ మారుతుంది. మొదటి దెబ్బ తప్పితే రెండోది వేసేలోగా జంతువు కనుమరుగవుతుంది. దుప్పి పొట్టలోనో తొడలోనో సీసం పడితే అది వెంటనే చావదు, పొదల్లోకి పోయి చీము పట్టి రోజుల తరబడి బాధపడి చస్తుంది. చంపినవాడికి మాంసం కూడా దక్కదు.

ఈ రకం తుపాకికి మన చట్టంలో ఒక స్థానం ఉందని చాలామందికి తెలియదు. 1962 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చిన 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో, పంట కాపాడుకోవడానికి ముందు నుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆ లైసెన్సు తుపాకి ఉంచుకోవడానికే. దానితో జింకను చంపవచ్చని అందులో ఎక్కడా లేదు.

తూటా ఎలా చంపుతుంది

తూటాలో నాలుగు భాగాలు. ఇత్తడి గుల్ల, దాని అడుగున దెబ్బ తగిలితే మండే కేపు, లోపల మందు, మూతిలో గుండు. 1880ల దాకా అన్నిటా నల్లమందే. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియేయ్ పొగరాని మందు కనిపెట్టాక గుండు వేగం ఒక్కసారిగా పెరిగింది. వేగం పెరిగేసరికి సన్నటి గుండుతోనూ పెద్ద జంతువును పడగొట్టే వీలు వచ్చింది.

గుండు శక్తి దాని బరువు మీద, వేగం మీద ఆధారపడుతుంది. బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపవుతుంది, వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. అయితే శక్తి ఒక్కటే చంపదు. గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు పగిలి నెత్తురు పోతేనే జంతువు త్వరగా చస్తుంది. దుప్పిలో ఆ చోటు ముంగాలి వెనక జానెడు మేర. గుండు అక్కడికి చేరాలి, చేరాక వెడల్పవాలి.

వెడల్పవడమన్నదే వేట తూటాకూ యుద్ధపు తూటాకూ ఉన్న అసలు తేడా. సైన్యం తూటాలో సీసం చుట్టూ గట్టి లోహపు తొడుగు పూర్తిగా ఉంటుంది. అది జంతువు దేహంలోంచి సన్నటి బెజ్జం చేసుకుని అవతలికి పోతుంది. వేట తూటా ముక్కు దగ్గర సీసం బయటికి ఉంటుంది, తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఈ రకం గుండ్లకు లోకమంతా తెలిసిన పేరు కలకత్తా దగ్గరి డమ్‌డమ్ నుంచి వచ్చింది. 1890ల చివర అక్కడి ఆయుధ కర్మాగారంలో త్రీ నాట్ త్రీ (.303) సైనిక రైఫిల్‌కు అలాంటి గుండ్లు తయారుచేశారు. మనుషుల మీద వాటిని వాడటం అమానుషమని 1899లో హేగ్ సమావేశం యుద్ధంలో నిషేధించింది. జింకల విషయంలో ఇంగ్లండ్ చట్టం దానికి సరిగ్గా ఎదురు. అక్కడి 1991 జింకల చట్టం ప్రకారం విచ్చుకునే గుండు తప్ప మరొకటి వాడకూడదు. రెండు నిబంధనల్లోనూ ఉన్నది బాధ తగ్గించాలన్న ఆలోచనే. గాయపడిన సైనికుణ్ణి ఆసుపత్రికి మోస్తారు. గాయపడిన జింకకు ఆసుపత్రి లేదు, త్వరగా చావడమే దానికి దక్కే దయ.

దొరల తుపాకులు, మనకు మిగిలిన త్రీ ఫిఫ్టీన్

నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమలను చీల్చుకుంటూ మీటర్ గేజ్ లైను పడ్డాక గాజులపల్లి, చెలమ, దిగువమెట్ట స్టేషన్లలో దిగి నేరుగా అడవిలోకి నడిచిపోయే వీలు కలిగింది. బెంగళూరులో ఉండి దక్షిణాది అడవులన్నీ తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ ఈ లైను వెంట మనుషులను తిన్న పులి గురించి రాశాడు. ఆయన చేతి రైఫిల్ .405 వించెస్టర్. 1904లో వచ్చిన ఆ తూటా గుండు 300 గ్రెయిన్లు, అంటే దాదాపు 19 గ్రాములు. పులికి, కణితికి ఎదురులేనిది. దుప్పికి మాత్రం అవసరానికి మించినది. దూరం పెరిగితే ఆ మొద్దు గుండు త్వరగా కిందికి వాలుతుంది కూడా. ప్రసిద్ధ వేటగాడు జిమ్ కార్బెట్ చేతిలోని .275 రిగ్బీ దానికి పూర్తిగా వేరు. అది జర్మన్ 7×57 మాసర్ తూటాకే ఇంగ్లీషు పేరు. 140 గ్రెయిన్ల సన్నటి గుండు, సెకనుకు 800 మీటర్ల వేగం, దాదాపు 3,000 జౌళ్ల శక్తి. జింకల విషయంలో నా దృష్టిలో ఆ కాలపు తూటాలన్నిటిలోకీ తగినది అదే: తన్ను తక్కువ, గురి తిన్నన, శక్తి చాలినంత.

భారతీయుల చేతికి ఏ తూటా అందాలన్నది మాత్రం జంతువును చూసి తేల్చింది కాదు, ప్రభుత్వ భయాన్ని బట్టి తేలింది. సైన్యం వాడే తూటా పౌరుల దగ్గర ఉండకూడదన్నది బ్రిటిష్ వారి విధానం. త్రీ నాట్ త్రీ తూటా దొరికితే దొంగిలించిన సైనిక రైఫిల్‌కు పనికొస్తుందని వాళ్ల అనుమానం. అదే కారణంతో .450 తూటాల మీద ఆంక్ష పెట్టారు. దాంతో లండన్ తుపాకి తయారీదారులు 1907 ప్రాంతంలో .465, .470 వంటి కొత్త కొలతలు పుట్టించారు. పేద, మధ్యతరగతి లైసెన్సుదారుకు వచ్చింది .315. ఇది ఆస్ట్రియా సైన్యపు 8×50 మన్లిచర్ తూటాకు మరో రూపం. స్వాతంత్ర్యం వచ్చాక ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ అదే కొలతలో రైఫిళ్లు చేసింది, ఖడ్కీ ఫ్యాక్టరీ తూటాలు చేసింది. ఆ తూటాను తిరగేసి చూస్తే గుల్ల అడుగున కేపు చుట్టూ కె.ఎఫ్. అనే అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. నేటికీ మన దేశంలో పౌరుడి రైఫిల్ అనగానే అందరి నోటా వచ్చేది త్రీ ఫిఫ్టీనే. త్రీ నాట్ త్రీ ఇప్పటికీ పౌరులకు నిషిద్ధ బోరే.

ఏ జంతువుకు ఏది

.315 గుండు 244 గ్రెయిన్ల బరువు, సెకనుకు 600 మీటర్ల పైచిలుకు వేగం, సుమారు 3,000 జౌళ్ల శక్తి. అడవిలో యాభై గజాల దూరానికి దుప్పికైనా కణితికైనా అది చాలినంత బలమైనది. బరువైన, నిదానమైన గుండు పొదల కొమ్మలను చీల్చుకుని నేరుగా పోతుందని పాత వేటగాళ్ల నమ్మకం. పరీక్షించి చూస్తే బరువు గుండు కూడా రెమ్మ తగిలితే పక్కకు తిరుగుతుంది. కొమ్మ అడ్డమున్నప్పుడు పేల్చకపోవడం తప్ప దానికి వేరే మందు లేదు. బయలులో 200 గజాల అవతలి కృష్ణజింక విషయంలో .315 బలహీనత బయటపడుతుంది. గుండు అంత దూరం పోయేసరికి బాగా కిందికి దిగుతుంది, దూరం అంచనా కాస్త తప్పినా కాలికి తగులుతుంది. 1906లో అమెరికా సైన్యం కోసం పుట్టిన .30-06 అక్కడ మేలు. 180 గ్రెయిన్ల గుండు సెకనుకు 820 మీటర్ల వేగంతో 3,900 జౌళ్ల దాకా శక్తినిస్తుంది. 1912 నాటి .375 హాలండ్ మాగ్నమ్ 5,700 జౌళ్లు దాటుతుంది. అది అడవిదున్నలకు తగినది. జింక మీద వాడితే మాంసం చెడటం, భుజం నొప్పి తప్ప లాభం లేదు.

పల్లెల్లో ఎక్కువగా ఉన్నది రైఫిల్ కాదు, పన్నెండు బోరు జోడు తుపాకి. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా చేస్తే ఒక్కొక్కటి పట్టే గొట్టం అది, వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. చిన్న రవ్వలు పక్షులకు. ఎల్.జి., ఎస్.జి. అనే పెద్ద రవ్వలను జింకల మీద వాడేవారు. ముప్పై గజాల లోపల అవి దగ్గరదగ్గరగా తగులుతాయి. అది దాటితే చెదిరిపోయి, ఒకటి రెండు మాత్రమే జంతువుకు తగిలి, మిగతావి పక్కనున్న మరో జంతువును గాయపరుస్తాయి. దుప్పులు మందలో తిరుగుతాయి కాబట్టి ఈ ప్రమాదం ఎప్పుడూ ఉండేదే.

అన్నిటికంటే ఎక్కువ హాని చేసింది .22. దాని శక్తి 200 జౌళ్లు కూడా ఉండదు, కుందేలుకు సరిపోతుంది. చప్పుడు తక్కువ, తూటా చవక. స్వాతంత్ర్యం తరువాతి రెండు దశాబ్దాల్లో దేశమంతటా జీపు, సెర్చ్‌లైటు వేటలో దీన్ని జింకల కళ్ల మధ్య పేల్చేవారు. తల కదిలితే దవడ పగిలేది. దవడ పగిలిన జింక మేయలేక, నీళ్లు తాగలేక చస్తుంది.

తూటా ఎంపికలో వేటగాళ్లు తక్కువగా ఆలోచించిన అంశం మరొకటి ఉంది. .30-06 గుండు గురి తప్పితే మూడు కిలోమీటర్లకు పైగా పోగలదు. నల్లమల ఖాళీ అడవి కాదు. మేకల కాపరులు, తునికాకు కోసేవాళ్లు, తేనె తీసే చెంచులు, శ్రీశైలం నడిచిపోయే శివభక్తులు అందులో తిరుగుతుంటారు.

చట్టం

మద్రాసు ప్రెసిడెన్సీలో 1882 అటవీ చట్టం కింద రిజర్వు అడవుల్లో వేటకు అనుమతి కావాలి. 1912లో వచ్చిన అడవి పక్షులు, జంతువుల రక్షణ చట్టం ఈనే కాలంలో జింకల వేటను ఆపే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఒక్కరోజులో ఆగిపోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి మొదట్లో ఆ చట్టంలో దుప్పి, కణితి మూడో షెడ్యూలులో ఉండేవి, లైసెన్సుతో వేటాడే దారి కాగితం మీద మిగిలే ఉంది. 1991 సవరణ ఆ లైసెన్సులను రద్దు చేసింది. 2022 సవరణ షెడ్యూళ్లను తిరిగి కూర్చింది. కృష్ణజింక, నాలుగు కొమ్ముల జింక మొదటి షెడ్యూలులో ఉన్నాయి.

1972 చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధిస్తుంది. మొదటి షెడ్యూలు జంతువును చంపినా, అభయారణ్యంలో ఏ జంతువును వేటాడినా శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా ఉంటుంది, జరిమానా కనీసం 25,000 రూపాయలు. గురిపెట్టి చంపడమే వేట కాదు. ఉచ్చు వేయడం, తరమడం, ప్రయత్నించడం కూడా చట్టం దృష్టిలో వేటే. పశ్చిమ ప్రకాశం అడవిలో చాలా భాగం నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలోనో, గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యంలోనో ఉంది. శ్రీశైలం అడవి 1978లో అభయారణ్యమై, 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది.

రైతుకు నేరుగా సంబంధించినది 11వ సెక్షన్. రెండో షెడ్యూలు జంతువు పంటకు ముప్పయితే ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి, లిఖితపూర్వకంగా వేటకు అనుమతించవచ్చు. కృష్ణజింక మొదటి షెడ్యూలుది కాబట్టి పంట నష్టం కారణంగా దానికి ఆ అనుమతి రాదు. చేను పోయిన రైతు కోపం న్యాయమైనదే. ఆ కోపానికి తగిన జవాబు సకాలంలో అందే పరిహారం, కంచె. ఆ రెండూ ఆలస్యమైనప్పుడే చేలో కరెంటు తీగ పరుచుకుంటుంది.

నేటి దొంగ వేట

ఇప్పుడు అడవిలో జింకలను చంపేది ఎక్కువగా రైఫిల్ కాదు. బైకు క్లచ్ తీగతో చేసిన ఉచ్చు, పదకొండు కేవీ లైను నుంచి దొంగగా లాగిన తీగ, నాటు తుపాకి. ఉచ్చుకు దుప్పి, పులి అన్న తేడా లేదు. తీగకు మనిషి అన్న తేడా కూడా లేదు. ఒక పెద్దపులికి ఏడాదికి దుప్పి అంతటి జంతువులు దాదాపు యాభై కావాలి. అడవిలో దుప్పులు తగ్గితే పులి పశువుల వైపు వస్తుంది. కాబట్టి దోర్నాల దగ్గర ఎవరో తిన్న జింక మాంసానికి మూల్యం, ఏ పాపమూ ఎరుగని మరో ఊరి రైతు ఆవు కావచ్చు.

తుపాకి వాడిన కేసుల్లో తూటా సాక్ష్యమవుతుంది. రైఫిల్ గొట్టం గాడులు గుండు మీద గీతలు వదులుతాయి, కొట్టు పిన్ను కేపు మీద గుర్తు వదులుతుంది. ఫోరెన్సిక్ ప్రయోగశాలలో వాటిని పట్టుబడిన తుపాకితో పోల్చవచ్చు. నున్న గొట్టపు నాటు తుపాకి ఇలాంటి గీతలు వదలదు. అందుకే ఆ కేసుల్లో తుపాకితో పాటు మందు, సీసం, మాంసం నమూనా కలిపి నిరూపించవలసి వస్తుంది.

దుప్పి వెళ్లిన దేశాలు, తెలుగువారు

మన దుప్పి 1932లో టెక్సాస్ చేరింది. హవాయికి అంతకుముందే 1860ల చివర్లో, ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌కు 1880లలో వెళ్లింది. అక్కడ పులి లేదు. మంద పెరిగి స్థానిక జంతువుల మేత మింగేస్తోంది. టెక్సాస్ దాన్ని స్థానిక వేట జంతువుగా లెక్కించదు కనుక దాని వేటకు సీజను లేదు, సంఖ్య పరిమితి లేదు, వేట లైసెన్సు మాత్రం తప్పనిసరి. అక్కడివారు దానికి వాడేవి .243, 6.5 క్రీడ్‌మోర్, .270, .308, .30-06 వంటి తూటాలు. ఇంగ్లండ్‌లో జింక వేటకు గొట్టం కొలత కనీసం .240 ఉండాలి, గుండు శక్తి 1,700 అడుగు-పౌండ్లు, అంటే సుమారు 2,300 జౌళ్లు ఉండాలి. ముంట్జాక్ అనే చిన్న జింకకు ఈ కనీసం తక్కువ. స్కాట్లండ్ గుండు బరువును, వేగాన్ని కూడా నిర్దేశించింది. సీసపు తునకలు రాబందుల కడుపులో చేరి చంపుతున్నాయని కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది.

డల్లాస్, హ్యూస్టన్‌లలో స్థిరపడిన తెలుగువారిలో వేటకు వెళ్లాలనుకునేవారికి రెండు సంగతులు ముఖ్యం. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు టెక్సాస్‌లో వేట శిక్షణ ధ్రువపత్రం పొందాలి. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకి దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి ఆ నిషేధం నుంచి మినహాయింపు ఉంది. స్నేహితుడి రాంచిలో ఊరికే ఒకసారి తుపాకి చేతిలోకి తీసుకున్నా ఆ లైసెన్సు లేకపోతే వీసాకే ముప్పు రావచ్చు.